రక్తమిచ్చాడు... రహస్యం పోయింది

1995 మే 31. మద్రాసు.

ఆపరేషన్ ఆగిపోయింది.

రోగి నాగాలాండ్ నుంచి వచ్చాడు. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం ఉబ్బిందని డాక్టర్ల అనుమానం. అది పగిలితే మనిషి దక్కడు. అందుకే దేశం ఆ కొస నుంచి ఈ కొస దాకా తీసుకొచ్చారు. ఆపరేషన్‌కి తేదీ కూడా పడింది. తీరా ఆ రోజు వచ్చేసరికి చాలినంత రక్తం లేదు. రేపటికల్లా దొరక్కపోతే?

రోగి వెంట ఓ యువ డాక్టర్ ఉన్నాడు. నాగాలాండ్ ప్రభుత్వ వైద్యుడు. తోడుగా వెళ్లమని ప్రభుత్వమే పంపింది. అతని పేరు మనకు అక్కర్లేదు. సుప్రీంకోర్టు తీర్పులో అతను 'మిస్టర్ ఎక్స్'. ఆ ఆసుపత్రి 'హాస్పిటల్ జెడ్'. మూడేళ్ల తర్వాత దేశమంతా ఆ పేర్లతో తన కథ చదువుతుందని ఆ సాయంత్రం అతనికి తెలియదు.

జూన్ 1. నడివేసవి అగ్ని నక్షత్రం రోజులు వెళ్లిపోయినా మద్రాసు ఎండ మాత్రం వెళ్లదు. గోడలు సెగలు కక్కుతుంటాయి. సముద్రపు గాలి మధ్యాహ్నం దాటితేగానీ ఊళ్లోకి రాదు. రక్తం ఇమ్మని ఇద్దర్ని అడిగారు. ఒకరు ఈ డాక్టర్. ఇంకొకరు రోగి కారు డ్రైవర్. చేతికి రబ్బరు పట్టీ. స్పిరిట్ చల్లదనం. సూది. ఎంతమంది చేతులకో సూది గుచ్చిన మనిషి ఆ రోజు తన చెయ్యి చాచాడు. గ్రూపు తేలింది: ఎ పాజిటివ్.

మర్నాడే ఆపరేషన్ జరిగింది. జూన్ 10న రోగి డిశ్చార్జి అయ్యాడు. గండం గడిచింది. వచ్చిన పని అయిపోయింది. ఆసుపత్రి రికార్డుల్లో మాత్రం ఆ డాక్టర్ రక్తం గురించి ఇంకో మాట మిగిలిపోయింది.

ఆగస్టు. నాగా కొండల మీద వానలు. పెళ్లి చేసుకుందామని అతను ఓ అమ్మాయిని అడిగాడు. ఆమె ఒప్పుకుంది. తీర్పులో ఆమె 'మిస్ వై'. డిసెంబరు 12న పెళ్లి అని నిశ్చయమైంది. పెళ్లి ఖాయమైన ఇంట్లో పనులకు అంతు ఉండదు. ఎవరెవర్ని పిలవాలి, ఏమేం కొనాలి, వచ్చినవాళ్లను ఎక్కడ దించాలి. ఆ హడావిడి మధ్యలో ఒక కబురు వచ్చింది.

పెళ్లి లేదు.

ఎందుకు?

మద్రాసులో తీసిన రక్తంలో హెచ్ఐవీ ఉందట. ఆ మాట అమ్మాయి తరఫు వాళ్ల దాకా చేరిపోయింది. పెళ్లి రద్దయింది. అంతవరకూ డాక్టర్‌గా రిపోర్టులు చదివిన మనిషి. ఇప్పుడు తన రిపోర్టు గురించి ఊళ్లో చెప్పుకుంటుంటే వినాల్సి వచ్చింది. నిజమేనా? ఎక్కడైనా పొరపాటు జరిగిందా?

మళ్లీ మద్రాసు. మళ్లీ అదే ఆసుపత్రి. ఈసారి తన కోసం. ఒకటి కాదు, చాలా పరీక్షలు చేశారు. ఒక్కో సీసా నిండుతుంటే ఒక్కో ఆశ. ఫలితం మారలేదు.

1995లో ఆ ఫలితానికి అర్థం ఏమిటో ఇప్పటి వాళ్లకు ఊహించడం కష్టం. మన దేశంలో హెచ్ఐవీని మొదటిసారి కనిపెట్టింది మద్రాసులోనే, 1986లో, డాక్టర్ సునీతి సాలమన్ బృందం. ఆ తర్వాత తొమ్మిదేళ్లు గడిచినా జబ్బును అదుపులో పెట్టే మందుల కలయిక ఇంకా రాలేదు. మన దేశంలో ప్రభుత్వం ఆ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్‌లో. ఎయిడ్స్ అంటే చావు. అంతకంటే ముందు, వెలి. పక్కన కూర్చుంటే, ఒకే గ్లాసులో తాగితే అంటుకుంటుందని జనం నమ్మిన రోజులవి. దానం చేసిన రక్తాన్ని పరీక్షించడం ఆసుపత్రి బాధ్యత. అందులో తప్పేమీ లేదు. ఆ ఫలితం ఎవరి చెవిన, ఏ వరసలో పడిందన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు వెతికేలోపే ఊరు మేలుకుంది.

పెళ్లి ఎందుకు ఆగిందని ఒకరు అడిగారు, అడిగినవాళ్లకు ఇంకొకరు గొంతు తగ్గించి చెప్పారు, విన్నవాళ్లు ఇంటికెళ్లి తలుపు వేసుకుని మరొకరికి చెప్పారు, అలా ఇంట్లోవాళ్లు, చుట్టాలు, సొంత తెగవాళ్లు, నిన్నటిదాకా డాక్టర్ అని గౌరవంగా పలకరించినవాళ్లు, అందరి నోళ్లలోనూ ఆ మాటే నానింది. తిట్టారు. దూరం పెట్టారు. వెలివేశారు. నవంబరు 26 ప్రాంతంలో, పెళ్లికి ఇంకో పదహారు రోజులు ఉందనగా, అతను నాగాలాండ్ రాజధాని కోహిమా విడిచి వెళ్లిపోయాడు.

ఎక్కడికి? మద్రాసుకే. ఏ ఊళ్లో రహస్యం జారిపోయిందో ఆ ఊళ్లోనే ఉద్యోగం వెతుక్కున్నాడు. అక్కడ తనని గుర్తుపట్టేవాళ్లు తక్కువ. అక్కడే ఒక నిర్ణయానికి వచ్చాడు. అడగాలి. కోర్టులో అడగాలి.

దారి కూడా కొత్తగా తెరుచుకుని ఉంది. సరిగ్గా ఆ నవంబరులోనే, 13వ తేదీన, సుప్రీంకోర్టు ఒక పెద్ద తీర్పు చెప్పింది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని తేల్చింది. డాక్టర్ ఎక్స్ జాతీయ వినియోగదారుల కమిషన్ తలుపు తట్టాడు. గుప్తంగా ఉంచాల్సిన విషయం బయటపెట్టారు, నా జీవితం పోయింది, పరిహారం ఇప్పించండి. 1998 జూలై 3న కమిషన్ తేల్చేసింది. ఇది మా దగ్గర తేలేది కాదు, సివిల్ కోర్టుకు వెళ్లండి. తలుపు మూసుకుంది. ఇంకా పైన ఒక్క తలుపే ఉంది.

ఢిల్లీ. 1998 సెప్టెంబరు 21. సుప్రీంకోర్టు. జస్టిస్ సగీర్ అహ్మద్, జస్టిస్ బి.ఎన్. కిర్పాల్.

అతని తరఫు వాదన సూటిగా ఉంది. రోగి చెప్పింది, రోగి ఒంట్లో కనిపించింది డాక్టర్ దాచాలి. గ్రీకు వైద్యుడు హిపొక్రటీస్ నాటి నుంచీ వస్తున్న ప్రమాణం అది. మన వైద్య మండలి నియమావళీ అదే చెబుతోంది. పైగా రాజ్యాంగం 21వ అధికరణం ఉంది. నాలుగేళ్ల కిందటే, 1994లో, తమిళనాడు నుంచి వచ్చిన ఆటో శంకర్ కేసులో మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి రాశారు: మనిషికి తన మానాన తనను వదిలేయమనే హక్కు ఉంది, అది జీవించే హక్కులో భాగమే. మరి ఆ హక్కు ఈ డాక్టర్‌కి లేదా?

ఉంది, అన్నారు న్యాయమూర్తులు. కానీ దానికి హద్దు ఉంది. ఎదురుగా ఇంకో ప్రాణం ఉంది. మిస్ వై. ఆమెకు ఆరోగ్యంగా బతికే హక్కు లేదా? ఏమీ తెలియకుండా పెళ్లి చేసుకుని ఉంటే ఆమె గతేంటి? రెండు హక్కులు ఢీకొన్నప్పుడు సమాజ హితం వైపు మొగ్గాల్సిందే. సమయానికి తెలియబట్టే ఆమె బతికిపోయింది. ఆసుపత్రిది తప్పు కాదు. అప్పీలు కొట్టేశారు.

ఆ అమ్మాయి వైపు నిలబడి చూస్తే ఆ మాట కాదనడం కష్టం. తీర్పు అక్కడితో ఆగి ఉంటే ఇది ఇద్దరి కథగానే మిగిలేది. ఆగలేదు.

ఇలాంటి వ్యాధి ఉన్నవాళ్లు నయమయ్యే దాకా పెళ్లి హక్కును కోర్టు ద్వారా సాధించుకోలేరని రాశారు. అది తాత్కాలికంగా నిలిచిపోయిన హక్కు అన్నారు. ప్రాణాంతకమైన అంటువ్యాధిని వ్యాపింపజేస్తే నేరమని చెప్పే అప్పటి శిక్షాస్మృతి 269, 270 సెక్షన్లనూ గుర్తుచేశారు. హెచ్ఐవీ నయమయ్యే జబ్బు కాదు. అంటే నిలిచిపోయిన ఆ హక్కు ఎప్పటికి కదలాలి? అన్నీ తెలిసి, ఇష్టపడి చేసుకునేవాళ్ల మాటేమిటి? ఇద్దరికీ హెచ్ఐవీ ఉంటే? ఒక్క మనిషి పరిహారం అడిగితే, దేశంలో ఆ వైరస్‌తో బతుకుతున్న ప్రతి మనిషి ఇంటి గుమ్మానికీ తాళం పడింది.

ఊరు వెలివేసింది. కమిషన్ పంపేసింది. కోర్టు ఓడించింది. ఇంకొకరైతే అక్కడితో సరిపెట్టుకునేవారు. మిస్టర్ ఎక్స్ మళ్లీ సుప్రీంకోర్టు మెట్లెక్కాడు. ఎదుటివాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పి, వాళ్లు ఒప్పుకుంటే, మాకు పెళ్లి చేసుకునే హక్కు ఉందా లేదా?

2002 డిసెంబరు 10. ఈసారి ముగ్గురు న్యాయమూర్తులు. పాత తీర్పును ముందు పెట్టుకున్నారు. అప్పుడు కోర్టు ముందున్న ప్రశ్న ఒక్కటే: అమ్మాయి తరఫు వాళ్లకు ఆసుపత్రి చెప్పడం తప్పా, కాదా. దానికి జవాబు చెప్పేశాక, ఇలాంటివాళ్లు పెళ్లి చేసుకోవచ్చా, చేసుకుంటే నేరమా అన్న జోలికి వెళ్లాల్సిన పనే లేదన్నారు. ఆ వ్యాఖ్యలు అనవసరమని తేల్చేశారు. తాళం ఊడింది.

అతనికి పరిహారం మాత్రం రాలేదు. ఆసుపత్రి చేసింది తప్పు కాదన్న మాట చెక్కుచెదరలేదు. మరి ఇలాంటి స్థితిలో ఎవరికి, ఎప్పుడు, ఎలా చెప్పాలి? అది చెప్పే చట్టం రావడానికి ఇంకా పదిహేనేళ్లు పట్టింది.

2017. ఆ ఏడాది రెండు జరిగాయి. ఏప్రిల్‌లో హెచ్ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. ఆగస్టు 24న, జస్టిస్ పుట్టస్వామి కేసులో, తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక్క మాటగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి వచ్చింది. అందులో ఎనిమిదో సెక్షన్ అంటోంది, మనిషి అన్నీ తెలుసుకుని ఒప్పుకోనిదే అతని హెచ్ఐవీ సంగతి బయటపెట్టకూడదు. మరి ప్రమాదంలో ఉన్న భాగస్వామి సంగతి?

ఆ భాగస్వామినీ చట్టం మర్చిపోలేదు. తొమ్మిదో సెక్షన్ అందుకోసమే. భాగస్వామికి నిజంగా ప్రమాదం ఉందని డాక్టర్‌కో కౌన్సెలర్‌కో అనిపించాలి. ముందు రోగిని కూర్చోబెట్టి మాట్లాడాలి. మీరే చెప్పండి అని నచ్చజెప్పాలి. అతను చెప్పడని తేలితే, ఇక మేం చెబుతున్నాం అని అతనికే ముందుగా తెలియజేయాలి. ఆ తర్వాతే భాగస్వామికి, ఎదురెదురుగా కూర్చుని, ధైర్యం చెప్పి చెప్పాలి. చెబితే హెచ్ఐవీ ఉన్న మనిషిని, ముఖ్యంగా ఆడవాళ్లను, కొడతారనో, ఇంట్లోంచి గెంటేస్తారనో భయం ఉంటే చెప్పనే కూడదు. కోర్టుకెక్కినా పేరు బయటికి రాకుండా మారుపేరుతో విచారణ జరపమని అడగొచ్చు. మిస్టర్ ఎక్స్‌కి ఒక తీర్పు ఇచ్చిన ఆ ముసుగు ఇప్పుడు అందరికీ చట్టం ఇచ్చిన రక్షణ.

1995లో ఇదే వరసలో జరిగి ఉంటే? ముందు అతన్ని ఓ గదిలోకి పిలిచి, తలుపు వేసి, చెప్పి ఉంటే? మిస్ వైకి అప్పుడూ తెలిసేది. పెళ్లి అప్పుడూ ఆగిపోయి ఉండొచ్చు. ఆమె హక్కుకు ఏ లోటూ వచ్చేది కాదు. ఊరంతటికీ తెలియాల్సిన అవసరం మాత్రం ఎవరికీ లేదు. ఒకరి ప్రాణం కాపాడటానికి ఇంకొకరి బతుకు బజారున పెట్టాల్సిన పని లేదు. ఈ కథ చెప్పే తీర్పు ఇదే.

ఇది ముప్పై ఏళ్ల కిందటి సంగతే కదా అనుకోవద్దు. అప్పట్లో కబురు కోహిమా చేరడానికి నెలలు పట్టింది. ఇప్పుడు ల్యాబ్ రిపోర్టు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టడానికి క్షణం చాలు. మన ఊళ్లలో ఇప్పటికీ సంబంధం కుదిరే ముందు తెలిసిన నర్సునో, కాంపౌండర్‌నో అడిగి అమ్మాయి సంగతి, అబ్బాయి సంగతి కూపీ లాగేవాళ్లున్నారు. వెయిటింగ్ హాల్లో పదిమంది వింటుండగా జబ్బు పేరుతో పిలిచే కౌంటర్లున్నాయి. అది టీబీ కావచ్చు, మూర్ఛ కావచ్చు, మానసిక సమస్య కావచ్చు, అబార్షన్ కావచ్చు. జబ్బు పేరు మారుతుంది. దెబ్బ అదే.

వైద్యుల నియమావళి 2002 నుంచీ స్పష్టంగానే ఉంది. కోర్టు అడిగితే, ఫలానా మనిషికో సమాజానికో తీవ్రమైన ముప్పు ఉంటే, ప్రభుత్వానికి తప్పక తెలపాల్సిన వ్యాధి అయితే తప్ప రోగి రహస్యం డాక్టర్ నోటి నుంచి బయటికి రాకూడదు. అదే నియమావళి ప్రకారం మీ రికార్డులు మీరు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. అడగండి. నా రిపోర్టు ఎవరెవరు చూస్తారని అడగండి. సంతకం పెట్టేముందు కాగితం చదవండి. పక్కింటివాళ్ల రిపోర్టు మీ ఫోన్‌కి వస్తే ముందుకు పంపకండి, తీసేయండి.

డాక్టర్లకూ, నర్సులకూ, ల్యాబుల్లో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఒకటే విన్నపం. ఫలితం ఏదైనా, ముందు తెలియాల్సింది ఆ రక్తం ఎవరిదో ఆ మనిషికి. తలుపు వేసి, నెమ్మదిగా, అతనికి చెప్పండి. ఇంకెవరికైనా చెప్పక తప్పని పరిస్థితి ఉంటే, ఎవరికి, ఏ వరసలో చెప్పాలో ఇప్పుడు చట్టంలో రాసి ఉంది. మిస్టర్ ఎక్స్ కోసం ఆ వరస ఎవరూ రాసి పెట్టలేదు. మీకు ఆ సాకు లేదు.