కోలాటంలో ఉద్ది: పల్నాటి జంట ఆటకు చారిత్రక నేపథ్యం

పల్నాడు అనగానే పరిశోధకుని దృష్టి కారెంపూడి వీరుల గుడి వైపు మళ్లుతుంది. 1911లో అక్కిరాజు ఉమాకాంతం పల్నాటి వీరచరిత్రను పరిష్కరించి ప్రకటించినది మొదలు, ఈ సీమ జానపద విజ్ఞానమంటే వీరగాథ, వీరాచారమే అన్నట్లు అధ్యయనం సాగింది. అది సహజమే. కాని అదే సీమలో, నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల పల్లెల్లో, పొలం పనులు ముగిసిన రాత్రివేళ రామాలయం ముంగిట నేర్చే కోలాటానికి ఆ అధ్యయనంలో దక్కిన చోటు స్వల్పం. దక్కినచోట కూడా 'సామూహిక నృత్యం' అన్న ఒక్క మాటతో సరిపెట్టడం కనిపిస్తుంది. ఆ నిర్వచనం చాలదని ఈ వ్యాసం ప్రతిపాదన. కోలాటానికి మూలఘటకం వలయం కాదు, జంట.

దీనికి మొదటి ఆధారం ఆటగాళ్ల మాటలోనే ఉంది. కోలాటంలో ఎదురుగా నిలిచి కోల తాకించే జతగాణ్ణి 'ఉద్ది' అంటారు. ఈడు, జోడు, సమానుడు అని ఆ మాటకు అర్థాలు. పిల్లలు ఆటకు ముందు ఉద్దులుగా విడిపోవడం తెలుగునాట తెలిసినదే. వాల్ట్జ్ వంటి పాశ్చాత్య జంట నృత్యంలో చేయి చేతిని పట్టుకుంటుంది. ఇక్కడ తాకేది కోల మాత్రమే. జంటలో ఉన్నవారు సాధారణంగా ఇద్దరూ పురుషులో, ఇద్దరూ స్త్రీలో అయి ఉంటారు. అందుచేత 'జంట నృత్యం' అన్న మాటను ఈ ఆటకు వాడేటప్పుడు దాంపత్య భావనను పక్కన పెట్టాలి. ఉద్దిలో ఉన్నది సమానత్వం.

శాస్త్రగ్రంథాల సాక్ష్యం కూడా ఇటే మొగ్గుతుంది. రాసకాన్ని నిర్వచించిన పాత లక్షణం అందులో పాల్గొనే నర్తకులను సంఖ్యగా కాక యుగళాలుగా లెక్కించింది. అరువది నాలుగు యుగళాల వరకు ఉండవచ్చునన్నది. 12వ శతాబ్దిలో హేమచంద్రుడు కావ్యానుశాసనంలో ఈ లక్షణాన్నే గ్రహించాడు. అరువది నాలుగు యుగళాలంటే నూట ఇరవై ఎనిమిది మంది. లక్షణకర్త ఆ సంఖ్యను చెప్పక యుగళాలను చెప్పడం గమనార్హం.

తెలుగునేలపై దీనికి సన్నిహితమైన ఆధారం జాయపసేనాని నృత్తరత్నావళి. క్రీ.శ. 1253-54 నాటి ఈ గ్రంథం ఎనిమిది అధ్యాయాల్లో తొలి నాలుగు మార్గానికి, మలి నాలుగు దేశికి కేటాయించింది. దేశి నృత్యాల వర్ణనలో రాసకం, చర్చరి, దండరాసకం చోటు చేసుకున్నాయి. గణపతిదేవుని గజసాహిణి అయినందున జాయపను ఓరుగల్లుకే ముడిపెట్టడం మనకు అలవాటైంది. ఆయన దివిసీమ అయ్య వంశీకుడు. గుంటూరు సమీపంలోని తామ్రపురిలో, అంటే నేటి చేబ్రోలులో, తండ్రి పేర చోడేశ్వరాలయం కట్టించినవాడు. కృష్ణకు దక్షిణాన ఉన్న జనపదాల ఆటలు ఆయన చూపుకు దూరమైనవి కావు. అంతమాత్రాన దండరాసకం నుండి నేటి పల్నాటి కోలాటానికి నేరుగా గీత గీయడం తొందరపాటు. రెండింటిలోనూ దండం ఉంది, జత ఉంది. ఇప్పటికి అంతవరకే చెప్పగలం.

ఇక్కడ ఒక పొరపాటును కూడా ప్రస్తావించాలి. సంగీతరత్నాకరంలోని 'కోల్హాటిక' శబ్దం వినగానే కోలాటం తట్టడం సులభం. శార్ఙ్గదేవుడు చెప్పిన కోల్హాటికుడు బరువులు మోసేవాడు, తాడుపై నడిచేవాడు, కత్తులతో ఆడేవాడు. ఇది దొమ్మరి విద్యకు చేరువైన కళ. ధ్వనిసామ్యాన్ని నమ్మి కోలాట చరిత్రను దీనితో మొదలుపెడితే ఉద్ది అన్న అసలు లక్షణమే జారిపోతుంది.

ఆ లక్షణం నేర్పే పద్ధతిలో మరింత స్పష్టమవుతుంది. గురువు మధ్యన నిలిచి తాళాలు వాయిస్తూ పాట ఎత్తుకుంటాడు, ఆటగాళ్లు అందుకుంటారు. అడుగు, మలుపు, కోల దెబ్బ కలిసిన ఒక వరుసకు 'కోపు' అని పేరు. నడక మెల్లగా మొదలై హెచ్చుతుంది. లోపలి వలయం, వెలుపలి వలయం ఎదురెదురుగా కదులుతున్నప్పుడు ప్రతి ఆటగాడూ తన ఉద్దిని విడిచి, ఇతరులకు కోల అందించి, తిరిగి తన ఉద్ది వద్దకే చేరాలి. అందుకే ఒకరు రాకపోతే ఆ రాత్రి ఇద్దరి ఆట ఆగుతుంది. జడకోపు ఇందుకు పరాకాష్ఠ. పైన కట్టిన తాళ్లను తలా ఒకటి పట్టి, సగం మంది ఒక దిశగా, సగం మంది ఎదురు దిశగా, ఒకరి మీదుగా మరొకరి కిందుగా సాగితే జడ పడుతుంది. విప్పడానికి అవే అడుగులను వెనుకనుండి నడవాలి. ఒక్కరు తప్పినా ముడిపడుతుంది. గుజరాత్ గోఫ్, తమిళనాడు పిన్నల్ కోలాట్టం ఇదే సూత్రం మీద నడుస్తాయి. ఈ క్రమాన్ని పల్లెల్లో కాగితం మీద రాసుకొని నేర్వరు. అది ఉద్దుల శరీరాల్లో ఉంటుంది.

మన సేకరణల లోపం ఇక్కడే. బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయసాహిత్యము 1958లో వెలువడిన తరువాత జానపద గేయాలకు విశ్వవిద్యాలయాల్లో గౌరవం దక్కింది. కోలాట పాటలూ అచ్చుకెక్కాయి. కాని ఏ పాట ఏ కోపుకు, ఏ చరణం వద్ద మలుపు, ఎక్కడ నడక హెచ్చాలి అన్నది పాటతోపాటు అచ్చుకావడం అరుదు. సాహిత్య విద్యార్థులమైన మనం పాఠాన్ని తీసుకొని అడుగును వదిలిపెట్టాం. ఇప్పుడు ఆలయ ఉత్సవాల్లో కనిపించే కోలాట బృందాల్లో స్త్రీలే అధికం. ఈ ఆటకు అది కొత్త ఊపిరి. అయితే గురువు గొంతు స్థానంలో ముద్రిత గీతం వచ్చినచోట నడకను యంత్రం నిర్ణయిస్తున్నది. ఉద్ది వెనుకబడితే ఆగి అందుకొనే గురువు అక్కడ లేడు. పాట మారినా కోపు మారదు, లేక ఒకే కోపు అన్ని పాటలకూ సరిపెట్టబడుతుంది.

కాబట్టి పల్నాటి కోలాటాన్ని సేకరించదలచిన వారు గురువు ఒక్కరినీ కూర్చోబెట్టి పాట రాసుకుంటే చాలదు. కనీసం ఒక ఉద్దిని, అంటే ఇద్దరినీ కలిపి, కోలలతో నిలబెట్టి అడగాలి. ఒకరు మరచిన మలుపు రెండవవారి చేయి ఎత్తగానే గుర్తుకు వస్తుంది.