ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు: మన కంప్యూటరు, మన ఫైళ్లు, మన తెలుగు

ఓపెన్ సోర్స్, లినక్స్, సొంత సర్వర్. పై తరగతుల పిల్లలు ఇంట్లో ఈ మాటలు అంటుంటే, అవి ఏమిటో, మన బడికి వాటితో పనేమిటో తెలుసుకోవాలనే తల్లిదండ్రుల కోసం ఈ పేజీ. పిల్లలూ, మీరూ చదవండి. ప్రాజెక్టుకు పనికొస్తుంది.

ఉచితం, స్వేచ్ఛ

ఇంగ్లీషులో ఫ్రీ అనే ఒక్క మాటకు రెండు అర్థాలున్నాయి. మన భాషలో ఆ చిక్కు లేదు. డబ్బు తీసుకోకుండా ఇస్తే ఉచితం. మన ఇష్టప్రకారం వాడుకోగలిగితే స్వేచ్ఛ. మీ ఫోనులో ఉన్న యాప్‌లలో చాలావరకు ఉచితమే. కానీ వాటి లోపల ఏముందో మీరు చూడలేరు, మార్చలేరు. రేపు రూలు మారిస్తే ఒప్పుకోవాలి, లేదంటే మానుకోవాలి.

అంగట్లో కొన్న ఆవకాయ సీసా ఒకటి, అమ్మమ్మ కొలతలు చెప్పి నేర్పిన ఆవకాయ ఒకటి. సీసా ఎవరైనా ఊరికే ఇచ్చినా సరే, అది అయిపోతే మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లాలి. కొలతలు తెలిస్తే ఉప్పు తగ్గించుకోవచ్చు, పక్కింటివాళ్లకూ నేర్పవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో ఆ కొలతల కాగితాన్నే సోర్స్ కోడ్ అంటారు.

1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే ప్రాజెక్టు ప్రకటించాడు. ఆ ఉద్యమం అడిగే స్వేచ్ఛలు నాలుగు: ఏ పనికైనా వాడుకోవడం, ఎలా పనిచేస్తుందో చదివి మార్చుకోవడం, ప్రతులు పంచడం, మార్చినదాన్ని కూడా పంచడం. 1991లో ఫిన్లాండులో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్ మొదలుపెట్టాడు. మీ ఆండ్రాయిడ్ ఫోను లోపల నడిచేది కూడా ఆ లినక్స్ కెర్నెలే.

మన బడికి దీనితో ఏం పని?

మన పిల్లలకు తెలుగు ఇంట్లో ఉంది, తరగతిలో ఉంది. వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో ఉంటుంది. ఒక కంపెనీ ఏ భాషలో మెనూలు పెట్టాలన్నా ముందు కొనేవాళ్ల లెక్క చూసుకుంటుంది. ఆ లెక్కలో మన బడి లాంటివి చాలా చిన్నవి. ఓపెన్ సోర్స్‌లో అయితే లెక్కతో పనిలేదు. చేసే ఓపిక ఉన్న మనిషి ఒక్కరున్నా పని మొదలవుతుంది.

కంప్యూటరులో తెలుగు చాలావరకు అలాగే నిలబడింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అనే యూనికోడ్ ఫాంట్లు తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. తెలుగు వికీపీడియాను 2003 డిసెంబరులో వెన్న నాగార్జున మొదలుపెట్టారు. ఆయనే పాత ఫాంట్లలోని తెలుగును యూనికోడ్‌లోకి మార్చే పద్మ అనే ఉపకరణం కూడా రాశారు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవాళ్లు తెలుగు మెనూలతో లినక్స్ తయారుచేశారు. మండలి, సూరన్న, రామభద్ర వంటి ఫాంట్లను ఈరోజు ఎవరైనా దించుకుని బడి పత్రికలో వాడుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు.

కేరళనూ చూడండి. అక్కడి ప్రభుత్వ బడుల్లో ఏళ్ల తరబడి పిల్లలు లినక్స్ మీదే కంప్యూటరు నేర్చుకుంటున్నారు.

ఫైలు మనదే, తాళం ఎవరిది?

బడి పత్రికలు, పాత ప్రశ్నపత్రాలు, నాటకాల ప్రతులు చాలావరకు డీటీపీ సెంటర్లలో టైపు చేయించినవే. ఆ రోజుల్లో వాడిన పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు కూర్చేవి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో అది చక్కని తెలుగు. ఫాంటు లేకపోతే అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కనబడతాయి. ఫైలు మన చేతిలోనే ఉన్నా చదవలేం.

యూనికోడ్‌లో ఈ బాధ లేదు. ప్రపంచంలో వాడుకలో ఉన్న చాలా లిపులకు అందులో చోటుంది. తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. మన ‘క’ సంఖ్య 3093. ఏ ఫోనులో చూసినా, ఏ ఫాంటులో చూసినా అది ‘క’గానే ఉంటుంది. అందుకే ఇకమీదట ఏది టైపు చేయించినా యూనికోడ్‌లోనే కావాలని గట్టిగా అడగండి. ప్రింటు కాగితంతో పాటు ఫైలు కూడా తీసుకోండి.

రాయడానికి లిబ్రే ఆఫీస్ చాలు. 2010లో మొదలైన ఈ ఓపెన్ సోర్స్ ప్యాకేజీలో ఉత్తరాలు, పట్టికలు, స్లైడ్లు అన్నీ తయారవుతాయి. వర్డ్ ఫైళ్లు కూడా తెరుస్తుంది.

ఒక్క కీబోర్డు, మూడు లిపులు

భారతీయ భాషల కోసం రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మన పిల్లలకు చాలా కలిసివస్తుంది. ఇంగ్లీషు ‘కె’ ఉన్న మీట నొక్కితే తెలుగులో క, కన్నడంలో ಕ, హిందీలో क వస్తాయి. ‘హెచ్’ మీద ప, ‘జె’ మీద ర. తెలుగులో ఒకసారి వేళ్లకు అలవాటైతే కన్నడం, ఒడియా, మరాఠీ టైపు చేయడం కూడా సగం వచ్చినట్టే. ఇంట్లో ఒక భాష, బడిలో మరో రెండు భాషలు చదివే పిల్లలకు ఇది కలిసొచ్చే విద్య. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఈ కీబోర్డు ముందే ఉంటుంది, సెట్టింగులలో తెలుగు కలుపుకుంటే చాలు.

సొంత సర్వర్ అంటే

సర్వర్ అంటే పెద్ద గది నిండా యంత్రాలు కానక్కర్లేదు. అడిగినప్పుడు ఫైలు ఇచ్చే కంప్యూటరు ఏదైనా సర్వరే. పాత లాప్‌టాప్ అయినా ఫర్వాలేదు. తమిళనాడులో ప్రభుత్వం ప్లస్ టూ పిల్లలకు ఇచ్చిన పాత లాప్‌టాప్‌లు కొన్ని ఇళ్లలో మూలన పడి ఉంటాయి. వాటిలో చాలావాటికి విండోస్‌తో పాటు బాస్ లినక్స్ కూడా వేసి ఇచ్చారు. బాస్‌ను తయారుచేసింది మన సీ-డాక్ సంస్థే.

బడిలో మొదలుపెట్టడానికి అన్నిటికన్నా తేలికైనది కివిక్స్. 2007లో మొదలైన ఈ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు వికీపీడియా మొత్తాన్ని ఒక్క ఫైలుగా మూటకట్టి ఇస్తుంది. బొమ్మలతో సహా ఇంగ్లీషు వికీపీడియా సుమారు వంద జీబీ ఉంటుంది. తెలుగుది అందులో చిన్న భాగమే, మామూలు మెమరీ కార్డులో పట్టేస్తుంది. ఆ ఫైలును పాత లాప్‌టాప్‌లో పెట్టి, దాన్ని బడి వైఫై రౌటరుకు కలిపితే, తరగతిలోని ఏ కంప్యూటరు నుంచైనా తెలుగు వికీపీడియా చదువుకోవచ్చు. ఇంటర్‌నెట్ అక్కర్లేదు, రీఛార్జి అక్కర్లేదు, ప్రకటనలు రావు. వేమన గురించో గోదావరి గురించో వెతికే పిల్లవాడు పక్కనున్న వీడియోలోకి జారిపోడు.

ఇది అలవాటయ్యాక పాఠాలకూ అసైన్‌మెంట్లకూ మూడుల్, ఫైళ్లూ ఫొటోలూ దాచుకోవడానికి నెక్స్ట్‌క్లౌడ్ ఉన్నాయి. రెండూ ఓపెన్ సోర్సే.

కరెంటు ఖర్చు కూడా లెక్కవేసుకుందాం. 5 వాట్ల చిన్న కంప్యూటరు నెలంతా ఆపకుండా నడిస్తే 3.6 యూనిట్లు. 30 వాట్ల పాత లాప్‌టాప్ రోజుకు 8 గంటల చొప్పున 25 రోజులు నడిస్తే 6 యూనిట్లు. 100 వాట్ల డెస్క్‌టాప్‌ను రాత్రింబవళ్లు వదిలేస్తే మాత్రం 72 యూనిట్లు. కాబట్టి డెస్క్‌టాప్‌ను సర్వర్ చేయకండి.

ఎందుకింత శ్రమ?

అద్దె ఇల్లు ఎంత బాగున్నా ఖాళీ చేయమంటే చేయాలి. ఒకప్పుడు అందరూ వాడిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. గూగుల్ ఫొటోస్‌లో పరిమితి లేకుండా ఊరికే దాచుకునే వీలు 2021 జూన్ 1తో ఆగింది. వాళ్లు ముందే చెప్పి చేశారు, అందులో మోసమేమీ లేదు. నిర్ణయం మాత్రం మనది కాదు. ఇరవై ఏళ్ల బడి ఫొటోలూ పాటల రికార్డింగులూ అలాంటిచోట మాత్రమే ఉంటే, వాటి భవిష్యత్తు ఇంకొకరి చేతిలో ఉన్నట్టే.

పిల్లల వివరాల సంగతి కూడా ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారిని పిల్లలుగానే చూస్తుంది. వారి వివరాలు వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. మార్కులూ ఫొటోలూ బడి గోడలలోపలే ఉంటే సగం బెంగ తీరుతుంది.

ఎక్కడ వద్దు

ఈమెయిల్ సర్వర్ సొంతంగా పెట్టుకోవద్దు, నడపడం నిపుణులకే కష్టం. ఫీజుల చెల్లింపులు బ్యాంకు దారిలోనే ఉండనివ్వండి. బడి సర్వర్‌ను బయటి ఇంటర్‌నెట్‌కు తెరవకండి, లోపలి వైఫైకే పరిమితం చేయండి. చూసుకునే మనిషి లేకపోతే అసలు మొదలుపెట్టకండి. ఒక టీచరు, ఇద్దరు పెద్ద పిల్లలు, ఒక నోటుపుస్తకం ఉండాలి. ఏ రోజు ఏం మార్చారో అందులో రాయాలి. ఆ టీచరు బదిలీ అయినా పని ఆగకూడదు.

ప్రతులు మూడుండాలి: రెండు వేరువేరు పరికరాలలో, వాటిలో ఒకటి బడి బయట. ఒక్కచోటే ఉన్న ఫైలు పోయిందనే అనుకోండి.

తరచుగా వినే మాటలు

*ఊరికే వచ్చేది మన్నదు.* ఇంటర్‌నెట్‌లోని సర్వర్లలో చాలా భాగం లినక్స్ మీదే నడుస్తున్నాయి. మన్నిక ధరతో రాదు, చూసుకునేవాళ్లతో వస్తుంది.

*లినక్స్‌కు వైరస్ రాదు.* తక్కువ వస్తుంది, అసలు రాదని కాదు. అప్‌డేట్లు వేయాల్సిందే.

*ఉద్యోగాలకు విండోసే కావాలి.* రెండూ నేర్చుకోవచ్చు. రెండు భాషలు వచ్చిన పిల్లలకు రెండు మెనూలు ఒక లెక్కా?

*పాత కంప్యూటరు పారేయాలి.* విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత యంత్రాలు చాలావరకు విండోస్ 11కు సరిపోవు. అమ్మేసేముందు లినక్స్ మింట్ వేసి చూడండి.

ఈ వారం ఇంట్లో చేయగలిగినవి

1. ఫోనులో కివిక్స్ యాప్ వేసి తెలుగు వికీపీడియాను దించుకోండి. వైఫై ఉన్నచోట చేస్తే మేలు.
2. పిల్లల చేత తాతమ్మ పేరు, ఊరి పేరు ఇన్‌స్క్రిప్ట్‌లో టైపు చేయించండి.
3. పెళ్లి పాటలు, ఉత్తరాలు, పాత బడి పత్రికల ఫైళ్లు ఉంటే తెరిచి చూడండి. అక్షరాలు సరిగా కనబడకపోతే ఫైలును చెరిపేయకండి. ఫాంటు పేరు రాసిపెట్టి, ఫైలుకు ఒక ప్రతి తీయండి. మార్చే ఉపకరణాలు ఉన్నాయి.
4. తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేజీ ఉందేమో వెతకండి. తప్పుంటే దిద్దండి. దిద్దే హక్కు మీకుంది, అది కూడా స్వేచ్ఛే.