కుటుంబ వైద్యునికి వృత్తి సంఘాల అండ

పసిబిడ్డ మొదలు పండుముదుసలి వరకు ఇంటిల్లిపాదినీ చూచేవాడు కుటుంబ వైద్యుడు. పెద్ద ఆసుపత్రిలోని వైద్యునికి సందేహం కలిగితే పక్కగదిలోని సహచరుణ్ణి అడుగగలడు. సరిహద్దు పల్లెలో ఒంటరిగా వైద్యం చేసేవారికి ఆ సౌకర్యం ఉండదు. ఆ లోటును పూరించడమే వృత్తి సంఘాల ప్రధాన కర్తవ్యం.

భారత వైద్య సంఘం (ఐ.ఎం.ఏ.) 1928లో కలకత్తాలో ఏర్పడింది. రాష్ట్ర, స్థానిక శాఖల ద్వారా ఇది పనిచేస్తుంది. శాఖా సమావేశాలలో నిపుణులు కొత్త చికిత్సలను వివరిస్తారు. సాధారణ వైద్యుల శిక్షణకై ఈ సంఘమే 1963లో కాలేజ్ ఆఫ్ జనరల్ ప్రాక్టీషనర్స్ అనే విభాగాన్ని నెలకొల్పింది. 2010లో ఏర్పడిన అకాడమీ ఆఫ్ ఫ్యామిలీ ఫిజీషియన్స్ ఆఫ్ ఇండియా కుటుంబ వైద్యానికి ప్రత్యేక శాస్త్రశాఖగా తగిన స్థానం కల్పించాలని కృషి చేస్తున్నది. వైద్యులు ప్రతి ఐదేళ్ళలో కనీసం 30 గంటలు వృత్తి విద్యా సదస్సులలో పాల్గొనాలని 2002 నాటి వైద్య నీతి నియమావళి చెబుతున్నది. పట్టణానికి దూరంగా ఉన్నవారికి స్థానిక శాఖల సదస్సులే ఇందుకు ఆధారం.

అయితే సంఘం వైద్యుల పక్షాన నిలిచేదే గాని, రోగికి తీర్పు చెప్పేది కాదు. వైద్యసేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని ఐ.ఎం.ఏ. సుప్రీంకోర్టులో వాదించింది. రుసుము తీసుకొని చేసే వైద్యం ఆ చట్టపరిధిలోనిదేనని 1995లో న్యాయస్థానం తేల్చింది. కనుక నష్టపరిహారం కోరేవారు వినియోగదారుల కమిషన్‌ను, వృత్తిదోషంపై ఫిర్యాదు చేసేవారు వైద్యుడు నమోదైన రాష్ట్ర వైద్య మండలిని ఆశ్రయించాలి.

సంఘ సభ్యత్వం స్వచ్ఛందం. అది అర్హతకు నిదర్శనం కాదు. మండలి ఇచ్చిన రిజిస్ట్రేషన్ సంఖ్యే అసలైన ఆధారం. ఆ సంఖ్యను వైద్యశాలలోను, మందుల చీటీపైన కూడా చూపాలని అదే నియమావళి ఆదేశిస్తున్నది. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందిన రోగి అడిగితే చికిత్స వివరాలను 72 గంటలలోగా అందజేయాలి. పొరుగు రాష్ట్రపు ఆసుపత్రికి తరలవలసివచ్చే సరిహద్దు కుటుంబాలు ఈ హక్కును మరువరాదు. భాష మారినా, వైద్యుడు మారినా, వెంట ఉన్న ఆ కాగితాలే రోగి పూర్వస్థితిని తెలియజేస్తాయి.