ఫోన్ రాకముందు సెలవుల్లో పిల్లలు ఇంట్లో ఏం చేసేవాళ్లు?

మన దగ్గర ఎండాకాలం సెలవులంటే ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ రెండో వారం దాకా. దాదాపు 7 వారాలు. బయట చూస్తే ఎండ మండిపోతుంటుంది. ఇంట్లో రెండో క్లాసో మూడో క్లాసో చదివే తమ్ముడు, అక్క కొడుకు ఎవరైనా ఉంటే పది నిమిషాలకోసారి మీ దగ్గరికే వస్తాడు. "బోర్ కొడుతోంది, ఫోన్ ఇవ్వవా?" అంటాడు. మరి ఫోన్ లేని రోజుల్లో ఇదే ఎండలో, ఇదే వయసు పిల్లల్ని మధ్యాహ్నమంతా ఇంటిపట్టున ఎలా ఉంచారు?

ముందు అష్టాచమ్మా. నాని మొదటి సినిమా పేరుగా మీకు తెలిసే ఉంటుంది, 2008లో వచ్చింది. అసలు ఆటకి కావాల్సింది సుద్దముక్కతో గీసిన 25 గడులు, 4 గవ్వలు. గవ్వలు లేకపోతే ఒకవైపు అరగదీసిన చింతపిక్కలు. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మా, అంటే 4. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే 8. మూడు పడితే ఏ కాయ జరపాలి, ఎవరి కాయని చంపొచ్చు అని ఏడేళ్ల పిల్లాడు ముందే లెక్కేసుకుంటాడు. ట్యూషన్ లేకుండానే కూడికలు వచ్చేస్తాయి. వామనగుంటలు కూడా అంతే. వరసకి 7 చొప్పున 14 గుంటలు, గుప్పెడు చింతపిక్కలు, ఎదురుగా ఒక మనిషి.

తర్వాత రేడియో వచ్చింది. మద్రాసు ఆకాశవాణి కేంద్రం 1938లో మొదలైంది. అక్కడ న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లల కోసం ప్రోగ్రాం నడిపారు. వాళ్లనే రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అనేవాళ్లు. అందులో పిల్లలే మైకు ముందుకొచ్చి పాటలు పాడేవాళ్లు, నాటికలు వేసేవాళ్లు. 1945లో ఈ దంపతులే 'బాల' పత్రిక కూడా పెట్టారు.

1947 జులైలో 'చందమామ' వచ్చింది. నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టారు. బేతాళ కథలు గుర్తున్నాయా? ప్రతి కథ చివర బేతాళుడు ఒక ప్రశ్న వేస్తాడు. విక్రమార్కుడు జవాబు చెప్పేలోపు చదివే పిల్లాడు తన జవాబు ఆలోచించుకుంటాడు. ఫోటో వ్యాఖ్యల పోటీ కూడా ఉండేది. రెండు ఫోటోలు వేసి, వాటికి సరిపోయే మాటలు పోస్టుకార్డు మీద రాసి పంపమనేవాళ్లు.

వీటన్నిటిలో నాకు ఒకటే కనిపించింది. ఎక్కడో ఒకచోట పిల్లాడి వంతు వస్తుంది. గవ్వలు వాడే వెయ్యాలి, జవాబు వాడే ఆలోచించాలి. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసొచ్చాను కాబట్టి చెప్తున్నా, ఆటోప్లే పెట్టేదే మీరు ఏదీ నొక్కకుండా తర్వాతి వీడియో నడవడానికి. అక్కడ చూసేవాడి వంతంటూ రాదు.

అలాగని ఆ రోజులన్నీ బంగారం అనట్లేదు. చాలా ఇళ్లలో ఆడపిల్లలకి సెలవులంటే ఇంటిపని, చంటిపిల్లల్ని ఎత్తుకోవడమే. అప్పుడు కలిసి ఆడటానికి అమ్మమ్మో, మేనత్తో, పక్కింటి పిల్లలో ఎవరో ఒకరు దొరికేవాళ్లు. ఇప్పుడు చాలా ఇళ్లలో అమ్మానాన్న ఇద్దరూ డ్యూటీకి వెళ్తారు, పిల్లాడికి ఎదురుగా కూర్చునేవాళ్లు లేరు. ఫోన్ ఇవ్వడం తేలికైంది అందుకే.

ఇంజినీరింగ్ సెలవులకి ఇంటికొచ్చారా? అయితే ఆ ఎదురుగా కూర్చునే మనిషి మీరే కావొచ్చు. 4 చింతపిక్కలు అరగదీయండి, నేల మీద 25 గడులు గీయండి, ఫస్ట్ పందెం వాడికే ఇవ్వండి. మీ ఊళ్లో ఈ ఆట రూల్స్ వేరేగా ఉంటే అమ్మమ్మని అడిగి కామెంట్‌లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.