వాడని పూలు: మెట్ట నేలకు బొగడబంతి, కోడిజుట్టు

బంతి, చామంతి పండించే కుటుంబాలకు పండుగ మరునాటి దిగులు సుపరిచితమే. నిన్నటి వరకు మంచి ధర పలికిన పూలు ఒక్క రాత్రిలో దిబ్బ పాలవుతాయి. వాడిపోయే సరుకుకు బేరమాడే వ్యవధి ఉండదు. అయితే కోసిన తరువాత కూడా రంగును, ఆకారాన్ని నిలుపుకొనే పూలు కొన్ని ఉన్నాయి. తక్కువ నీటితో, ఒకే కారులో పూసి ముగిసే ఈ మొక్కలు మెట్ట భూములకు అనువైనవి.

బొగడబంతి

మనం బొగడబంతి అనే పువ్వును తమిళులు వాడామల్లి అంటారు. తమిళంలోని ‘వాడా’, మన ‘వాడని’ ఒకే ధాతువు నుండి పుట్టిన మాటలు. కేరళలో ఓణం పూలముగ్గులకు ఊదారంగునిచ్చేది ఈ పువ్వే. ఈ గుండ్రని పూబంతికి రంగునిచ్చేవి రేకులు కావు. కాగితం వంటి పుష్పపుచ్ఛాలు. వాటిలో నీరు స్వల్పం కనుక ఎండినా ముడుచుకొనవు. తోటకూర కుటుంబానికి చెందిన ఈ మొక్క, జొన్న వలెనే, నీటిని పొదుపుగా వాడుకొని పెరుగుతుంది.

కోడిజుట్టు

ఇది కూడా తోటకూర కుటుంబానిదే. మెట్ట చేలలో కలుపుగా మొలిచే గునుగు దీనికి అతి దగ్గరి బంధువు. 2014 నుండి తెలంగాణ రాష్ట్ర పండుగగా జరుగుతున్న బతుకమ్మలో గునుగు పూలకు రంగులద్ది పేరుస్తారు. పట్టువలె మెరిసే కోడిజుట్టు ఎండిన తరువాత కూడా ఎరుపును చాలాకాలం నిలుపుకొంటుంది.

సాగు విధానం

నీరు నిలువని ఎర్రనేల శ్రేష్ఠం. బొగడబంతి విత్తనాలకు నూగు ఉంటుంది కనుక ఒక రాత్రి నానబెట్టి నారు పోయవలెను. మూడు, నాలుగు వారాల నారును అడుగు దూరంలో నాటవలెను. కరువును తట్టుకొనే మొక్క అంటే నీరే అవసరం లేని మొక్క అని భావించరాదు. వేరు పాతుకొనే మొదటి నెలలో తడి తప్పనిసరి. ఆ పిదప పొడి రోజులను ఓర్చుకొంటుంది. ఎరువు మితిమీరితే ఆకు పెరిగి పువ్వు తగ్గుతుంది. జూన్ చివరలో విత్తితే సుమారు మూడు నెలలకు, అనగా దసరా నాటికి, పూలు చేతికి వస్తాయి.

కోత, ఎండబెట్టుట

పూర్తిగా విచ్చిన పూలను మంచు ఆరిన పిదప పొడవైన కాడతో కోయవలెను. తాజాగా అలంకరించదలిస్తే వెంటనే నీటిలో ఉంచవలెను. ఎండబెట్టదలిస్తే ఆకులు దూసి, పదేసి కాడలను రబ్బరు బ్యాండుతో కట్టవలెను. కాడ ఎండి సన్నబడినప్పుడు దారం జారిపోతుంది. ఈ కట్టలను గాలి ఆడే చీకటి గదిలో తలక్రిందులుగా రెండు, మూడు వారాలు వ్రేలాడదీయవలెను. ఎండ తగిలితే రంగు వెలుస్తుంది, తేమ తగిలితే బూజు పడుతుంది. కోడిజుట్టు తల దళసరి కనుక మరికొన్ని రోజులు ఆగవలెను.

కొన్ని మంచి మొక్కలను కోయక విత్తనానికి వదలినచో మరుసటి ఏడు విత్తనం కొనే పని ఉండదు. తొలి ఏడు ఒకటి రెండు సెంట్లలో మాత్రమే వేసి, దగ్గరి పూల అంగడిలోను, అలంకరణ సామగ్రి దుకాణాలలోను గిరాకీని విచారించుకొనుట మేలు. ధర పడిన రోజున పూలను పారబోయక, ఇంటి దూలానికి కట్టి మంచి రోజు కోసం వేచి ఉండే అవకాశమే ఈ పూలవల్ల కలిగే అసలైన లాభం.