నాలుగు అరకల కూడలి

హిందూపురం వైపు పెళ్లి కుదిరితే, పట్టుచీరలకు బెంగళూరు చిక్కపేట పోవాల్సిందే. పక్కనే ధర్మవరం మగ్గాలున్నా సరే!

1537లో కెంపేగౌడ బెంగళూరు పేట కట్టించినప్పుడు, దొడ్డపేట, చిక్కపేట కలిసేచోట నాలుగు అరకలు పూన్చి నాలుగు దిక్కులకూ తోలించాడని, ఆ చాళ్లే వీధులయ్యాయని చెబుతారు. కథ మాటెలా ఉన్నా, ఊరు అంగళ్ల చుట్టూ పెరిగిన మాట నిజం. తెలుగులో ‘గంగాగౌరీవిలాసం’ అనే యక్షగానం కూడా ఈ కెంపేగౌడ పేరునే ఉంది. అంటే మన మాట అక్కడ చాన్నాళ్లుగా చెల్లుతోందన్నమాట.

ఆ పేటలో వీధి పేరే బోర్డు. అక్కిపేటలో బియ్యం, రాగిపేటలో రాగులు, అరళేపేటలో పత్తి, బళేపేటలో గాజులు. గాణిగరపేట గాండ్లవాళ్లది, కుంబారపేట కుమ్మర్లది. ఇవాళ ఆ పేర్లను నమ్ముకుని పోతే మాత్రం తికమకే. గాజుల కోసం బళేపేటకు పోయినవాళ్లకు వీణలు, తబలాలు, హార్మోనియంలు ఎదురవుతాయి. దొడ్డపేటకైతే ఆ పేరే పోయింది. అవెన్యూ రోడ్డంటేనే తెలుస్తుంది, అదీ పాత పాఠ్యపుస్తకాలు కొనుక్కునే పిల్లలకు బాగా తెలుస్తుంది.

1809లో ఇంగ్లిషువాళ్లు హలసూరు దగ్గర దండు (కంటోన్మెంట్) దించాక ఊరు పేట, దండు అని రెండైంది. దొరలూ దొరసానులూ సౌత్ పరేడ్ షాపులకు పోయేవారు. నేటి ఎం.జి. రోడ్డు అదే. కమర్షియల్ స్ట్రీట్ కూడా దండు బజారే. 1898లో ప్లేగు వచ్చి పేట ఇరుకు ప్రాణాంతకమయ్యాక బసవనగుడి, మల్లేశ్వరం లేచాయి. గాంధీబజారు అలా పుట్టిన పేటే. 1920ల్లో దండుకు రస్సెల్ మార్కెట్, పేటకు సిద్ధికట్టె చెరువు పూడ్చిన చోట కృష్ణరాజేంద్ర మార్కెట్ వచ్చాయి. పూలూ కూరలూ కూడా ఎవరివి వాళ్లకే! 1949లో రెండు పురపాలికలూ ఒకటయ్యాయి గానీ బజార్ల తీరు కలవలేదు.

2004లో కోరమంగలలో ఫోరం మాల్ తెరిచాక మాల్స్ వరసకట్టాయి. ఏ మాల్ చూసినా అవే అద్దాలు, అవే బ్రాండ్లు. వాటి గురించి చెప్పడానికి ఇంతకన్నా ఏముంది?

2017 నుంచి చిక్కపేట కింద మెట్రో నడుస్తోంది. హిందూపురం రైలు దిగినవాళ్లకు మెజెస్టిక్ నుంచి ఒక్క స్టేషన్. పైకొచ్చి దుకాణంలో పరుపు మీద కూర్చుంటే, అడగకముందే తెలుగులో పలకరింపు: “రండమ్మా, ముహూర్తం ఎప్పుడు?”