శనివారం ఆగిన గానుగ

ముంబైకి దక్షిణాన కొంకణ తీరం వెంట, ఇప్పటి రాయగడ్ జిల్లా పల్లెల్లో, ఒకప్పుడు కొన్ని ఇళ్ల నూనె గానుగలు వారానికి ఒకరోజు ఆగిపోయేవి. శుక్రవారం పొద్దు గూకేసరికి ఎద్దును విప్పేసేవారు. మళ్లీ శనివారం పొద్దు గూకాకే కాడి. ఆ ఇళ్లవాళ్లు మరాఠీ మాట్లాడేవారు, ఆడవాళ్లు చీర కట్టేవారు, కొబ్బరి, నువ్వులు ఆడి నూనె అమ్ముకునేవారు. వాళ్ల దేవుడెవరో, వాళ్ల పూర్వీకులు ఎక్కడివారో చుట్టుపక్కల వాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. కంటికి కనిపించిన తేడాను బట్టి శన్‌వార్ తేలీలు అన్నారు. శనివారం పనిచేయని గానుగవాళ్లు. వాళ్లు తమను తాము చెప్పుకున్న పేరు బెనె ఇజ్రాయెల్. మన దేశంలోని యూదుల్లో అన్నిటికంటే పెద్ద సమూహం వీళ్లదే.

సోలాపూర్ పూర్వ భాగ్‌లో మగ్గాల చప్పుడు మధ్య బతికే మనకు ఈ కథ దగ్గరిది. కరువులకు, పన్నులకు, కూలి దొరకకపోవడానికి నిజాం తెలంగాణ పల్లెలు విడిచి పద్మశాలీలు ఈ ఊరు చేరారు. వచ్చిన చోట తమ చేతిపనితోనే గుర్తింపు తెచ్చుకున్నారు. బడిలో, బజారులో మరాఠీ, ఇంట్లో తెలుగు, శ్రావణ పౌర్ణమికి మార్కండేయుడి రథం. చేతిపని చేసుకునే జనం పరాయి నేల మీద దేన్ని వదులుకుంటారు, దేన్ని వదులుకోరు అన్న ప్రశ్న అశోక్ చౌక్‌లో, సాఖర్ పేటలో పుట్టినవాళ్లకు పుస్తకాల్లో ఎదురయ్యేది కాదు, ఇంట్లోనే ఉంటుంది. బెనె ఇజ్రాయెల్ దాదాపు అన్నీ వదులుకున్నారు. శనివారాన్ని మాత్రం వదల్లేదు.

వాళ్లు చెప్పుకునే కథ ప్రకారం, సుమారు రెండు వేల ఏళ్ల కిందట అలీబాగ్ దగ్గర నవ్‌గావ్ తీరాన ఒక ఓడ మునిగింది. ఏడుగురు మగవాళ్లు, ఏడుగురు ఆడవాళ్లు ఒడ్డుకు చేరారు. తెచ్చుకున్న గ్రంథాలన్నీ నీళ్లపాలయ్యాయి. సముద్రం ఒడ్డుకు తోసిన శవాలను అక్కడే పూడ్చారు. నవ్‌గావ్ శ్మశానంలో ఆ గుట్టలు ఇవేనని చూపిస్తారు, పక్కనే స్మారక స్తంభం ఉంది. ఈ వర్గానికి తొలి చరిత్ర రాసిన హాయీం శామ్యూల్ కేహిమ్‌కర్, ఆ రాక క్రీస్తుకు పూర్వం 175 ప్రాంతంలో జరిగిందని లెక్క కట్టాడు. 1897 నాటికి సిద్ధమైన ఆ పుస్తకం అచ్చయింది మాత్రం 1937లో. ఓడ కథకు రాతపూర్వక ఆధారం లేదు. అయినా తమ తొలి ఊరు ఏదన్నది ఒక జాతికి ఇంత కచ్చితంగా గుర్తుండటం నాకు గొప్పగా అనిపిస్తుంది.

పుస్తకాలు లేవు, గురువులు లేరు, హీబ్రూ మరిచిపోయారు. మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎనిమిదో రోజున మగబిడ్డకు సున్తీ. పొలుసులు, రెక్కలు లేని చేపను ముట్టకపోవడం. దేవుడొక్కడే అని చెప్పే షెమా ప్రార్థన. కొన్ని పండుగలు. శనివారం విశ్రాంతి.

ఈ విశ్రాంతి నియమం యూదుల ధర్మగ్రంథం తోరాలోది. నిర్గమకాండంలో, ద్వితీయోపదేశకాండంలో రెండుచోట్లా అది యజమానికి మాత్రమే చెప్పింది కాదు. దాసికి, దాసుడికి, ఇంటికొచ్చిన పరదేశికి, ఎద్దుకు, గాడిదకు కూడా ఆ రోజు విశ్రాంతి ఉండాలంది. గానుగ తిప్పేవాడికి ఇందులోని ఎద్దు మాట చాలా ముఖ్యం. తాను ఒక్కడూ కూర్చుని ఎద్దును తిప్పించే వీలు లేదు. కాడి దిగితేనే నియమం నిలిచినట్టు. పుస్తకం పోయాక కూడా ఈ ఆచారం బతకడానికి కారణం ఇదేనని నా నమ్మకం. ప్రార్థనలోని మాటలు మరిచిపోవచ్చు. వారం వారం ఇంటిముందు ఆగే గానుగను పిల్లలెవరూ మరిచిపోరు.

అదే తీరంలో సోమ్‌వార్ తేలీలు కూడా ఉండేవారు. వాళ్లు హిందువులు. శివుడి మీద, నంది మీద భక్తితో సోమవారం గానుగ ఆపేవారు. సిద్ధేశ్వరుడి ఊళ్లో ఉండే మనకు ఇది వింతేమీ కాదు. కర్ణాటక సరిహద్దు పల్లెల్లో సోమవారం బసవన్న వారమని ఎడ్లకు కాడి వేయని రైతులున్నారు. అందుకే కొంకణంలో యూదుల శనివారం ఎవరికీ ఎబ్బెట్టుగా తోచలేదు. ఒకరికి సోమవారం, ఇంకొకరికి శనివారం, అంతే అనుకున్నారు. ఐరోపాలో యూదులు పడ్డ వేట, వెలి ఇక్కడ వాళ్లకు ఎదురుకాలేదు. పొరుగువాళ్లు గానుగ వృత్తిని తక్కువగా చూసిన మాట మాత్రం నిజం.

వీళ్లను యూదులుగా గుర్తించింది డేవిడ్ రహాబి అనే వ్యాపారి అంటారు. ఆయన వీళ్లింటికొచ్చి, అన్నిరకాల చేపలూ కలిపి తెచ్చి వండమన్నాడట. ఆడవాళ్లు పొలుసులు లేనివి తీసి పక్కన పెట్టేసరికి ఆయనకు అనుమానం తీరిందట. ఆయన కాలం ఏదో పండితులకు ఏకాభిప్రాయం లేదు. వెయ్యేళ్ల కిందటివాడని కొందరు, 18వ శతాబ్దపు కొచ్చి రహాబీ కుటుంబంవాడని కొందరు. ముగ్గురికి శాస్త్రం నేర్పి ఊరూరా పంపాడని చెబుతారు. వాళ్లను కాజీలనేవారు. ఆ తరవాత ఈ జనం తాము ఉన్న పల్లె పేరుకు 'కర్' చేర్చి ఇంటిపేరుగా పెట్టుకున్నారు. నవ్‌గావ్‌కర్, పేణ్‌కర్, దివేకర్, కేహిమ్‌కర్... ఇలాంటివి వందకు పైగా ఉన్నాయి. సోలాపూర్ తెలుగువాళ్లు ఇందులో వేరే దారి పట్టారు, ఇంటిపేర్లు తెలుగువే ఉంచుకున్నారు. ఏ ఇంటిపేరు ఏ ఊరి నుంచి నడిచొచ్చిందో మన పెద్దలను అడిగి ఇప్పుడే రాసిపెట్టుకోవాలి. కేహిమ్‌కర్ చేసింది అదే.

వారపు సెలవు చరిత్రలో ఈ గానుగకున్న చోటు తెలియాలంటే మగ్గం సంగతి కూడా చెప్పుకోవాలి. మన నేతగాళ్లకు వారానికొక రోజన్న లెక్క లేదు. మగ్గం ఆగేది అమావాస్యకు, పండుగకు, చావుకు. 1854లో బొంబాయిలో మొదటి నూలు మిల్లు పెట్టాక, మిల్లు కూలీకి ఆ అమావాస్య కూడా పోయింది. పొద్దు పొడవక ముందు లోపలికి, పొద్దు గూకాక బయటికి. 1877లో సోలాపూర్‌లో స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు, మనవాళ్ల నోట జూనీ మిల్లు, మొదలైనప్పుడూ అంతే. నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో బొంబాయి మిల్లు కూలీలను ఒకటి చేసి, వారానికి ఒకరోజు సెలవు కావాలని అడిగాడు. 1890 ఏప్రిల్ 24న మహాలక్ష్మి రేసుకోర్సు మైదానంలో పదివేల మంది కూలీల సభ జరిగింది. అందులో ఇద్దరు ఆడకూలీలు కూడా మాట్లాడారు. ఆ జూన్ 10న యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. మరుసటేడు, 1891 ఫ్యాక్టరీ చట్టం వారపు సెలవును చట్టంలో చేర్చింది. అది పెద్ద ఫ్యాక్టరీలకే. ఇళ్లలో, చిన్న కార్ఖానాల్లో నేసేవాళ్లకు, వెయ్యి బీడీలకింత అని లెక్కగట్టి చుట్టే మన ఆడవాళ్లకు చేతులాగితే కూలి ఆగుతుంది. ఆదివారమనేది ఉద్యమం చేస్తే, చట్టం ఇస్తే వచ్చింది. కొంకణంలోని శనివారాన్ని ఏ సర్కారూ ఇవ్వలేదు. ఒకరోజు రాబడి పోగొట్టుకుని మరీ దాన్ని తరతరాలుగా నిలుపుకున్నారు.

బెనె ఇజ్రాయెల్ పల్లె విడిచి బొంబాయి పట్నం చేరింది 18వ శతాబ్దంలో. ఈస్టిండియా కంపెనీ పటాలంలో, రేవు పనుల్లో, వడ్రంగంలో, తరవాత రైల్వేల్లో కుదిరారు. శామ్యూల్ ఎజెకియెల్ దివేకర్ పటాలంలో అధికారి. టిప్పు సుల్తాన్ సేనకు చిక్కి, బతికి బయటపడి, మొక్కు తీర్చుకోవడానికి 1796లో బొంబాయి మాండ్వీలో షాఆర్ హరహమీమ్ అనే సినగాగ్ (యూదుల ప్రార్థనామందిరం) కట్టించాడు. బెనె ఇజ్రాయెల్‌కు అదే మొదటిది. సినగాగ్‌ను వాళ్లు మశీద్ అనేవారు. ముంబై లోకల్ రైళ్ల మసీద్ స్టేషన్‌కు ఆ పేరు దీనివల్లే వచ్చిందంటారు. ఆ తరవాత కొచ్చి నుంచి గురువులొచ్చారు, హీబ్రూ మళ్లీ నేర్పారు. మరిచిపోయిన పండుగలు తిరిగొచ్చాయి. 1874లో పుణెలో అచ్చయిన పస్కా పండుగ పుస్తకం పూనా హగ్గదాలో హీబ్రూ పక్కనే మరాఠీ ఉంటుంది. బొమ్మల్లో మరాఠా కట్టుతో ఉన్న ఆడవాళ్లు నేల మీద కూర్చుని పులియని రొట్టెలు చేస్తుంటారు. 1880 నుంచి అబ్రహాము, యోసేపు కథలను మరాఠీ కీర్తనల్లో పాడటం మొదలుపెట్టారు.

పుణెకు వెళ్తే మోలెడీనా రోడ్డులో ఎర్ర ఇటుకల లాల్ దేవళ్, అంటే ఓహెల్ డేవిడ్ సినగాగ్, కనిపిస్తుంది. పొడుగాటి గోపురం, దానికి గడియారం, దూరం నుంచి చూస్తే చర్చి అనుకుంటాం. బాగ్దాద్ నుంచి 1832లో బొంబాయి చేరిన డేవిడ్ ససూన్ దీన్ని 1863లో మొదలుపెట్టించాడు. గీసింది హెన్రీ సెయింట్ క్లేర్ విల్కిన్స్. 1864లో ససూన్ పుణెలోనే కన్నుమూశాడు. ఆవరణలో ఆయన సమాధి ఉంది. కట్టడం 1867లో పూర్తయింది. ససూన్ల సొమ్ములో పెద్ద వంతు చైనాకు పంపిన నల్లమందుది. ఆ సొమ్ముతోనే ఆసుపత్రి, గ్రంథాలయం, రేవు కట్టారు. రెండూ చెప్పాల్సిందే. ఆ వంశంవాళ్లు బొంబాయిలో నూలు మిల్లులు కూడా పెట్టారు. మిల్లుల ఊరైన బొంబాయికి పొట్టచేతపట్టుకుని వెళ్లిన తెలుగు సాలెల కథ ఈ చరిత్రకు ఆనుకుని ఉంది.

బాగ్దాదీ యూదులు గానుగల వంశాన్ని తమతో సమానంగా చూడలేదు. పుణె రాస్తా పేటలో బెనె ఇజ్రాయెల్ 1921లో సుక్కత్ షెలోమో అనే సినగాగ్ వేరుగా కట్టుకున్నారు. చిన్న కట్టడం. నన్నడిగితే లాల్ దేవళ్ చూసినవాళ్లు దాన్ని కూడా తప్పకుండా చూడాలి. ఒకే మతంలో డబ్బు, పుట్టుక గీసిన గీత ఆ రెండు గోడల మధ్య దూరంలో తెలుస్తుంది. ఆ గీత ఇజ్రాయెల్‌లోనూ వెంటాడింది. 1948 తరవాత అక్కడికి వలస వెళ్లినవాళ్ల పెళ్లిళ్లకు 1960ల మొదట్లో అక్కడి మతపెద్దలు అడ్డం పెట్టారు. వీళ్లు వీధికెక్కి పోరాడారు. 1964లో అక్కడి పార్లమెంటు వీళ్లు అన్నివిధాలా యూదులేనని ప్రకటించింది. అక్కడికి పోయాక కూడా మాయబోలీ అనే మరాఠీ పత్రిక నడుపుకున్నారు. ఇక్కడ మిగిలినవాళ్లు కొద్దివేల మందే. మహారాష్ట్ర ప్రభుత్వం 2016లో వీళ్లకు అల్పసంఖ్యాక హోదా ఇచ్చింది.

శనివారం పాటించే యూదులు తెలుగునాట కూడా ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు మండలం కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే చిన్న సమూహం ఉంది. మాదిగ కులం నుంచి వచ్చిన కుటుంబాలు, తమది ప్రాచీన ఇజ్రాయెల్ గోత్రాల్లోని ఎఫ్రాయిం గోత్రమని నమ్మేవాళ్లు. 1990ల మొదట్లో యాకోబి సోదరుల పూనికతో ఊళ్లో సినగాగ్ పెట్టుకున్నారు. వాళ్ల మీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో ఒక పుస్తకం తెచ్చారు. తోలుపని చేసిన కులమొకటి, నూనె తీసిన కులమొకటి, శనివారం మాత్రం రెండింటిదీ.

ఈ చోట్లు చూడాలనుకునే సోలాపూర్ వాళ్లకు దారి తేలికే. సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ రాత్రి ఎక్కితే తెల్లవారేసరికి ముంబై. సీఎస్‌ఎంటీకి తరవాతి లోకల్ స్టేషనే మసీద్, దివేకర్ కట్టించిన సినగాగ్ ఆ దగ్గరే శామ్యూల్ స్ట్రీట్‌లో ఉంటుంది. కాలా ఘోడాలో జేకబ్ ససూన్ 1884లో కట్టించిన నీలం రంగు కెనెసెత్ ఎలియాహూ ఉంది. గేట్‌వే నుంచి పడవలో మాండ్వా, అక్కడి నుంచి రోడ్డున అలీబాగ్. అక్కడ ఇజ్రాయెల్ ఆళీ అనే వీధిలో 1848 నాటి మాగెన్ అబోత్ సినగాగ్. ఊరవతల నవ్‌గావ్ శ్మశానం, ఖండాళా పల్లెలో ఏలీయా ప్రవక్త రథచక్రాల గుర్తులని నమ్మే బండ. మొక్కు తీరినవాళ్లు ఆ ప్రవక్త పేరున అటుకులు, కొబ్బరి, బెల్లం కలిపి, పళ్లు పెట్టి మలీదా చేస్తారు.

2008 నవంబరులో ముంబై మీద జరిగిన దాడిలో ఉగ్రవాదులు నారీమన్ హౌస్‌లోని యూదు కేంద్రం మీద కూడా పడ్డాక అన్ని సినగాగుల దగ్గరా కాపలా పెరిగింది. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు వెంట ఉండాలి, కొన్నిచోట్ల ముందే అనుమతి తీసుకోవాలి. మగవాళ్లు తల కప్పుకోవాలి, టోపీ లేకపోతే చేతిరుమాలు చాలు. పుణె, ముంబై, అలీబాగ్ ఎక్కడికైనా ఆదివారం నుంచి గురువారం దాకా వెళ్లడం మంచిది. శుక్రవారం మధ్యాహ్నం నుంచి వాళ్లు శనివారానికి సిద్ధమవుతుంటారు, శనివారం ప్రార్థనకు వచ్చేవాళ్లది.